విద్యాద్వారము తెరచిన కొత్వాలు: రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి జీవితము

లోకమున గొప్పవారి చరిత్రములు వ్రాయువారు వారు పొందిన పదవులను, ధరించిన బిరుదములను వరుసగా చెప్పుట వాడుకయై యున్నది. రాజాబహద్దరు వెంకటరామారెడ్డిగారి విషయమున ఆ వాడుకను పాటించినయెడల ఈ సంచికలోని పుటలు చాలవు. కాని పదవులు విరమణదినముతో ముగియును. బిరుదములు వానినొసగిన ప్రభుత్వములతో కూడ అంతరించును. 1948వ సంవత్సరమున నిజాము ప్రభుత్వము పోయినది. దానితో ఆ దర్బారు, ఆ నజరానాలు, ఆ ఖిల్లతులు అన్నియు పోయినవి. పోనిది యొక్కటియే కలదు. పాలమూరు నల్లగొండ పల్లెలనుండి మూట నెత్తిన బెట్టుకొని పట్టణమునకు వచ్చిన బాలురకు ఆయన చూపిన నీడ, ఆ నీడలో వారు గడించిన విద్య. కావున ఈ వ్యాసమున ఆయన అధికారమునుగూర్చి కొంచెముగను, ఆయన తెరపించిన విద్యాద్వారమునుగూర్చి విస్తారముగను చెప్పదలచితిమి.

ఆ ద్వారమెట్టిదో తెలియవలెనన్న ఆనాటి చదువుల తీరు ముందుగా తెలియవలయును. కృష్ణాతుంగభద్రల కుత్తరమున, మూసీనదికి దక్షిణమున నున్న ఈ మెట్టభూములలో నూటయేబదియేండ్ల క్రిందట బడి యనగా మూడు తెరగుల బడి. మొదటిది వీధిబడి. ఒక అయ్యవారు ఏ చావడిలోనో, ఏ రచ్చమ్రానిక్రిందనో పిల్లలను గూర్చుండబెట్టి ఇసుకలో ఓనమాలు దిద్దించి, బాలశిక్ష, శతకపద్యములు, ఎక్కములు, కూలిలెక్కలు నేర్పువాడు. పండుగలకు పప్పుబెల్లములు, కోతలనాడు ధాన్యము, ఇదియే ఆయన జీతము. రెండవది వేదపాఠశాల. అగ్రహారములందును, దేవాలయములందును గురువు ముందు కూర్చుండి పన్నెండేండ్లు స్వరము తప్పకుండ వల్లించు చదువు అది. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, కొల్లాపురము మొదలగు సంస్థానములలో పండితులకు ఆదరముండుటచే పాలమూరు మండలమున సంస్కృతవిద్య కొంతవరకు నిలిచియుండెను. మూడవది మక్తబు. మసీదు పంచను ఖురాను పఠనముతో మొదలిడి, పారసీక కావ్యములు నీతిగ్రంథములు చదివించు బడి. సర్కారు కాగితము పారసీకమున నున్నంతకాలమును, 1884లో ఆ స్థానమును ఉర్దూ ఆక్రమించిన తరువాతను, కొలువు కోరు హిందువుల పిల్లలు గూడ ఆ తీరు చదువే చదివెడివారు.

ఈ మూడు బడులును తమ తమ పనికి మంచివే. వీధిబడి కరణమును తయారుచేసెను. వేదపాఠశాల పురోహితుని తయారుచేసెను. మక్తబు మౌల్వీని, మునిషీని తయారుచేసెను. కాని ఒక బడినుండి మరియొక బడికి దారి లేదు. ఏ బడినుండియు విశ్వవిద్యాలయమునకు దారి లేదు. వేదము ఆమూలాగ్రము కంఠస్థము చేసినవానికి భూగోళము రాదు. పారసీకమున లేఖ వ్రాయగలవానికి బీజగణితము రాదు. శతకములన్నియు వచ్చిన తెలుగుబాలునకు పరీక్ష వ్రాయు భాషయే రాదు. విద్య యున్నది, విద్యార్థి యున్నాడు, కాని ప్రవేశము లేదు. వెంకటరామారెడ్డిగారి జీవితమంతయు ఈ లోపమునకు ఒక్కరీతి సమాధానమని చెప్పవచ్చును.

ఆయన 1869వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీని వనపర్తి సంస్థాన ప్రాంతమున రాయణిపేట గ్రామమున జన్మించిరి. చిన్నతనముననే తలిదండ్రుల యండ తొలగుటచే బంధువుల ఇండ్లలో పెరిగిరి. ఆయన చదువు వనపర్తిలో కొంత, రాయచూరులో కొంత సాగెను. ఆ కాలపు గృహస్థుల బిడ్డలవలెనే తెలుగు, ఉర్దూ, పారసీకములు నేర్చిరి. రాయచూరు ప్రాంతమున కన్నడ మహారాష్ట్ర భాషలును పరిచితములయ్యెను. కళాశాల గడప ఆయన త్రొక్కలేదు. ఏ విశ్వవిద్యాలయ పట్టమును ఆయన పేరిప్రక్కను చేరలేదు. తన చేతికి రాని పట్టమును ఇతరుల బిడ్డలకు ఇప్పించుటకై ఈయన పడిన పాటు చూచినపుడు ఈ సంగతి మరింత గొప్పగా తోచును.

ఇరువదియేండ్లు నిండకమునుపే ఆయన నిజాము పోలీసుశాఖలో అమీనుగా కొలువున జేరిరి. అమీను పని నేటి సబుయిన్స్పెక్టరు పనివంటిది. గుఱ్ఱము మీద ఊరూరు తిరుగుట, దొంగల జాడ తీయుట, పటేలు పట్వారీల తగవులు వినుట, కచ్చేరికి ఉర్దూలో నివేదిక వ్రాయుట ఇవి ఆయన నిత్యకృత్యములు. తెలుగు, కన్నడ, మహారాష్ట్ర ప్రాంతములు మూటను పనిచేయుటచే ఆయనకు ప్రజల స్థితి పుస్తకములవలనగాక ప్రత్యక్షముగా దెలిసెను. తన మొఱ్ఱ తానే వ్రాసికొనలేని రైతు, చదివించిన కాగితమున నేమున్నదో తెలియక వేలిముద్ర వేయు రైతు, ఆయనకు ప్రతిదినము కనబడుచునే యుండెను. క్రమముగా మెట్లెక్కుచు, నడుమ వనపర్తి సంస్థానమున కార్యదర్శిగా గూడ పనిచేసి, 1914లో ఆయన హైదరాబాదు నగరమునకు నాయబు కొత్వాలుగా వచ్చిరి. 1920లో కొత్వాలు పదవి ఖాళీ యగుటయు, అంతవరకు ముస్లిము ప్రముఖులకే లభించుచు వచ్చిన ఆ పదవిని మీరు ఉస్మానలీఖాను ప్రభువు ఈయనకు ఒసగుటయు నాడు గొప్ప విశేషముగా చెప్పుకొనబడెను. ఆ పదవిలో 1934 వఱకు, పదునాలుగేండ్లు, ఆయన నిలిచిరి. 1922 జనవరిలో వేల్సు యువరాజు నగరమునకు వచ్చినపుడు బందోబస్తు ఆయన చేతిమీదుగనే జరిగెను. రాజాబహద్దరు బిరుదము నిజామువలనను, ఓ.బి.ఇ. బిరుదము బ్రిటిషువారివలనను ఆయనకు వచ్చెను. విరమించిన పిదపను ప్రభువు ఆయనను సర్ఫెఖాసు వ్యవహారములలో ప్రత్యేకాధికారిగా నియమించిరి. అధికారకథ ఇంతటితో చాలును.

ఇక విద్యాకథ. పంతొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున హైదరాబాదునందు ఉన్నతవిద్యకు రెండు త్రోవలుండెను. ఒకటి 1856లో మొదటి సాలారుజంగు నెలకొల్పిన దారులుఉలూము. అది అరబ్బీ పారసీక విద్యలకు పట్టుగొమ్మ. అందలి విద్యార్థులు పంజాబు విశ్వవిద్యాలయమువారి ప్రాచ్యభాషాపరీక్షలకు పోవుచుండిరి. రెండవది 1887లో ఏర్పడిన నిజాముకళాశాల. అది మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధము; అందు సర్వమును ఆంగ్లమున. మొదటి త్రోవలో మతవిద్య గలదుగాని నవీనశాస్త్రములకు చోటు కొలది. రెండవ త్రోవలో నవీనశాస్త్రములు గలవుగాని ఆంగ్లమెరుగనివానికి గడపదాటు వీలు లేదు. ఈ రెండింటిని కలిపి, దేశభాషలో నవీనవిద్య గరపవలెనను తలంపుతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమై, 1919లో పాఠములు మొదలయ్యెను. హిందూదేశమున ఒక దేశభాషను సమస్తశాస్త్రములకు బోధనభాషగా గైకొన్న తొలి విశ్వవిద్యాలయమని దానికి కీర్తి. అందులకై తర్జుమాశాఖను పెట్టి వైద్యము, గణితము, చరిత్ర, తత్త్వము మున్నగు గ్రంథములను ఉర్దూలోనికి దింపించిరి. ఈ పని గొప్పపని యనుటకు సందియము లేదు. దానిని తగ్గించి చెప్పుట న్యాయము గాదు.

కాని దేశభాష యనగా ఎవరి భాష? నిజాము రాజ్యమున దాదాపు సగము జనులు తెలుగువారు. మహారాష్ట్రులును కన్నడిగులును తక్కిన భాగమున పెద్దపాలు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట నొకరు. నల్లగొండ పాలమూరు పల్లెలలో రైతుబిడ్డకు ఉర్దూ ఆంగ్లమువలెనే పరభాష. తెలుగు ఒక పాఠ్యాంశముగా నుండెను. 1919లోనే రాయప్రోలు సుబ్బారావుగారు ఆంధ్రశాఖకు వచ్చిరి. అయినను చరిత్రగాని గణితముగాని తెలుగున వ్రాసి మెట్రికులేషను దాటుట కుదరదు. మఱియు ఆ పాఠ్యక్రమమున మతమునకు చోటుండెను. ముస్లిము విద్యార్థులకు దీనియాతు, అనగా మతశాస్త్రము. ఇతరులకు అఖ్లాఖియాతు, అనగా నీతిశాస్త్రము విధిగా చదువవలసినవి. విశ్వవిద్యాలయమున మతశాస్త్రమునకు ప్రత్యేకశాఖయు నుండెను. నీతి చదువుట యెవరికిని చెరుపు గాదు. అయితే ఒకని మతవిద్య విశ్వవిద్యాలయమున పాఠ్యమై, పరీక్షయై, పట్టమై నిలువగా, మరియొకని వేదపాఠశాల చదువు లెక్కకు రాని చదువై పోవుట, ఇంటిభాషలో గడించిన జ్ఞానము ప్రవేశపరీక్షలో సున్నయగుట, ఆనాటివారిని బాధించిన విషయము. మంచి విద్యయే యైనను, ప్రవేశనియమము ఇరుకైనపుడు అది కొందరి సొత్తగును.

ఈ ఇరుకుదారిలో మనవారి బిడ్డలను నడపించు ఉపాయమేమని వెంకటరామారెడ్డిగారు ఆలోచించిరి. నియమములను మార్చుట ఆయన చేతిలో లేదు, ఆయన ప్రభుత్వసేవకులు. కాని విద్యార్థిని ఆ నియమములకు తగినవానిగా చేయుట, ఆ శ్రమలో వాని భాషయు మతాచారమును పోకుండ కాపాడుట, ఆయన చేతిలోనున్న పని. పల్లెలో ప్రాథమికతరగతులు ముగిసిన పిదప హైస్కూలు చదువు పట్టణముననే. పట్టణమున పల్లెబాలునికి ఇల్లు లేదు, వంట లేదు, ఆదరించి అడుగువారు లేరు. భోజనపు చిక్కుచేతనే ఎందరో చదువు మానుకొని వెనుకకు పోవుచుండిరి. అందుచే 1918లో, అనగా ఉస్మానియా నెలకొల్పబడిన యేటనే, ఆయన పూనికమీద హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము ప్రారంభమయ్యెను. సంస్థానాధీశులను, దేశముఖులను, పటేండ్లను ఆయన స్వయముగా కలిసికొని విరాళములు సమకూర్చిరి. పెండ్లిలో వేలు వెచ్చించు కుటుంబములకు, ఆ వేలలో కొంత చదువునకు మళ్లించుటయే గౌరవమని ఆయన నచ్చజెప్పెడివారు. పోలీసు అధికారి అడిగినపుడు కాదనుట కష్టమని కొందరు హాస్యమాడిరందురు. అది నిజమే కావచ్చును. ఆ అధికారమును తన ఇంటికై వాడుకొనక ఊరివారి బిడ్డలకై వాడుట చిన్నమాట కాదు.

ఆ గృహమునకు కులము పేరున్నను, దాని తలుపు కులమునకే పరిమితము గాలేదు. ఇతరకులముల విద్యార్థులును అందుండి చదివికొనిరి. వసతి, భోజనములతోపాటు అచట గ్రంథాలయము పెరిగెను, తెలుగుపత్రికలు వచ్చుచుండెను, సభలు, వాదప్రతివాదములు, వ్యాయామము జరుగుచుండెను. పగలు పాఠశాలలో ఉర్దూలో చదివిన బాలుడు, సాయంకాలము వసతిగృహమున భారతభాగవతములు చదువుకొనెను. పరీక్షకు కావలసినది బడి నేర్పెను. బ్రతుకునకు కావలసినది వసతిగృహము నేర్పెను. విశ్వవిద్యాలయ పాఠ్యక్రమము విడిచిపెట్టిన భాగమును ఒక భోజనశాలయు ఒక గ్రంథాలయమును పూరించినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ పనికి తగిన సహాయుని గూడ ఆయన గుర్తింపగలిగిరి. గద్వాల ప్రాంతపువారగు సురవరము ప్రతాపరెడ్డిగారు మదరాసున పట్టభద్రులై, న్యాయశాస్త్రము చదివి, సంస్కృతమును పండితుల కడ నభ్యసించినవారు. ప్రాచీనవిద్యయు నవీనవిద్యయు ఒక్కనియందే యెట్లు కూడునో చూపుటకు ఆయనయే ప్రమాణము. వెంకటరామారెడ్డిగారి కోరికమీద ఆయన వసతిగృహ నిర్వాహకత్వము వహించి, పెక్కేండ్లు విద్యార్థులను తీర్చిదిద్దిరి. 1926లో గోలకొండ పత్రిక ఆయన సంపాదకత్వమున వెలువడుటకు వెనుకను వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహముండెను. ఆ పత్రిక తెలుగుబడుల కష్టములను పక్షముతప్పక లోకమునకు జెప్పుచు వచ్చెను. కొత్వాలుగారి జీవితచరిత్రమును తరువాత గ్రంథముగా వ్రాసినవారును ప్రతాపరెడ్డిగారే.

బడులకు కష్టములు లేకపోలేదు. 1924 ప్రాంతమున ఖానగీ పాఠశాలలకు ప్రభుత్వానుమతి ముందుగా తీసికొనవలెనను నియమము వచ్చెను. పప్పుబెల్లములతో బ్రతుకు వీధిబడి పంతులు దరఖాస్తు వ్రాయుటెట్లు, కచ్చేరులచుట్టు తిరుగుటెట్లు? ఆ నియమమువలన వీధిబడులు పెక్కు మూతపడినవి. విశ్వవిద్యాలయమున ప్రవేశము ఇరుకగుటకు తోడు, మొదటి మెట్టుననే దారి తెగిపోయెను. 1930లో జోగిపేటలో జరిగిన నిజామాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు కాగా, ఆ సభలును తరువాతి సభలును ఈ నియమములను సడలింపుడనియు, ప్రాథమికవిద్య మాతృభాషలో సాగవలెననియు తీర్మానించుచు వచ్చెను.

బాలికల విషయమున చిక్కు మఱియు పెద్దది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారి పూనికతో నారాయణగూడలో ఆంధ్రబాలికోన్నత పాఠశాల ఏర్పడెను. అందు బోధనభాష తెలుగు. ఆ కారణముచేతనే ఉస్మానియా మెట్రికులేషనుకు ఆ బాలికలను పంపు వీలు లేకపోయెను. తెలుగున చదివించిన ప్రవేశము లేదు. ప్రవేశము కోరిన తెలుగు విడువవలెను. అప్పుడు పాఠశాలవారు వేరొక తలుపు తట్టిరి. పూనాయందు 1916లో ధోండో కేశవ కార్వేగారు స్త్రీలకై విశ్వవిద్యాలయమును స్థాపించియుండిరి. ఠాకర్సీ కుటుంబపు పదునైదులక్షల విరాళముతో 1920లో అది స్థిరపడి, ఆ కుటుంబపు తల్లిపేర పిలువబడసాగెను. అందు మాతృభాషయే బోధనభాష; ఆంగ్లము ఒక పాఠ్యాంశము; ఆరోగ్యశాస్త్రము, గృహవిజ్ఞానమును చదువులో భాగములు. హైదరాబాదు తెలుగుబాలికలు తమ నగరపు విశ్వవిద్యాలయము ప్రక్కననే యుండియు, వందలమైళ్ల యవతలనున్న మహారాష్ట్ర విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షను తెలుగులో వ్రాసిరి. ఇందొక విచిత్రమున్నది. 1921 నవంబరులో హైదరాబాదున కార్వేగారి అధ్యక్షతను జరిగిన సంఘసంస్కారసభలోనే ఒక తెలుగువక్త తెలుగున మాటాడబోగా శ్రోతలు గొడవచేసి ఆపిరి; ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ఏ సభలో తెలుగునకు చోటు దొరకలేదో, ఆ సభాధ్యక్షుని విశ్వవిద్యాలయముననే తెలుగుబాలికలకు కొన్నేండ్లకు చోటు దొరికెను. ఈ బాలికల పాఠశాలకు వెంకటరామారెడ్డిగారు అండగా నిలిచిరి. పట్టణపు కొత్వాలు తోడుండగా, ఆడపిల్లలను బడికి పంపుటకు జంకు కుటుంబములకు ధైర్యము కలిగెను. పిదప పల్లెలనుండి వచ్చు బాలికలకును ఆయన వసతి యేర్పాటు చేయించిరి. నల్లగొండ ప్రాంతపు ఆరుట్ల కమలాదేవిగారివంటివారు అట్టి వసతిలో నుండి చదివినవారే.

1938వ సంవత్సరాంతమున మరియొక పరీక్ష వచ్చెను. ఉస్మానియా వసతిగృహములలో హిందూవిద్యార్థులు ప్రార్థనలో వందేమాతరగీతము పాడరాదని అధికారులు నిషేధించిరి. పాడినవారు వెలివేయబడిరి. చదువు నడుమ తెగిన ఆ విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము తన నియమములను సడలించి చేర్చుకొనెను. తరువాత ప్రధానమంత్రియైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు ఆ గుంపులోనివారే. పూనా బాలికలకొక తలుపు తెరచెను. నాగపూరు బాలురకొక తలుపు తెరచెను. ప్రార్థన యేదని గాక చదువెంత యని అడిగిన విశ్వవిద్యాలయములవి. ఈ రెండు దృష్టాంతములు ప్రవేశనియమము లెట్లుండవలెనో మనకు నేర్పుచున్నవి.

రెడ్డిగారి చరిత్రమును వ్రాయునపుడు ఆయన హద్దులను మరుగుపరచుట సత్యమునకు దోషము. ఆయన కడవఱకు ప్రభువునకు విధేయులు. నియమములను బహిరంగముగా ఎదిరింపలేదు. వాని నడుమ దారి వెదకిరి. వసతిగృహమున ఎక్కువగా చేరినవారు కొంత కలిగిన రైతుల, దేశముఖుల బిడ్డలు. కూలివాని కొడుకు ఆ గడపవఱకు వచ్చుటయే యరుదు. అయినను విద్య తన దారిని తాను పోవును. నల్లగొండ మండలమున బొల్లేపల్లివారగు రావి నారాయణరెడ్డిగారు, ఆరుట్ల రామచంద్రారెడ్డిగారు ఆ గృహమున నుండి చదివి, తరువాత దేశముఖుల దౌర్జన్యమునే యెదిరించు పోరాటమునకు నాయకులైరి. విరాళము లిచ్చిన చేతులకు వ్యతిరేకముగా విద్యార్థుల గొంతు లేచెను. ఇది వసతిగృహమునకు అపకీర్తి గాదు. అచట ఆలోచన నేర్పబడెననుటకు సాక్ష్యము. 1943లో ఆంధ్రసారస్వత పరిషత్తు ఆ వసతిగృహ ప్రాంగణముననే అవతరించి, తెలుగునకు తానే పరీక్షలు నడుపసాగెను. విశ్వవిద్యాలయము గుర్తింపని చదువునకు ప్రజలే ఒక కొలమానము నేర్పరచుకొనిరి. వేలమంది ఆ పరీక్షలలో కృతార్థులై, పలువురు తెలుగు పండితులుగా బడులలో కుదురుకొనిరి.

1948లో ప్రభుత్వము మారెను. ఉస్మానియాలో బోధనభాష ఉర్దూ పోయి ఆంగ్లమయ్యెను. విధియైన మతపాఠమును తొలగెను. రెడ్డిగారు ఆ మార్పు జూచి, ఎనుబదిమూడేండ్లు నిండిన వయస్సున, 1953 జనవరి 25వ తేదీని కాలధర్మము నొందిరి. 1954లో ఆయనపేర నారాయణగూడలో మహిళాకళాశాల వెలసెను. ఒకనాడు తెలుగున చదివినందుకు ప్రవేశము దొరకని బాలికల పాఠశాల ఉన్న పేటయందే, ఆయన పేరిటి కళాశాల అదే ఉస్మానియాకు అనుబంధమై వేలకొలది బాలికలను పట్టభద్రులను జేసెను. తెలంగాణరాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప రాష్ట్ర పోలీసు శిక్షణాలయమునకును ఆయన పేరు పెట్టబడెను. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, పాలమూరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము వెలసినవి. ఒకప్పుడు హైస్కూలుకై పట్టణమునకు మూట గట్టిన మండలములకు ఇప్పుడు విశ్వవిద్యాలయములే యింటికి వచ్చినవి.

దారి దగ్గరయ్యెను, తలుపు ప్రశ్న మాత్రము పూర్తిగా తీరలేదు. వేదపాఠశాలలు నేటికిని గలవు. మదర్సాలు నేటికిని గలవు. వానిలో పదేండ్లు చదివినవాడు విశ్వవిద్యాలయమునకు పోదలచినపుడు ఏమి చేయవలయును? 2022లో ఉజ్జయిని కేంద్రముగా గల వేదసంస్కృత విద్యామండలివారి పరీక్షలు పదవ, పండ్రెండవ తరగతులకు సమానములని గుర్తింపబడినవి. హైదరాబాదులో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కొన్ని మదర్సా పరీక్షలను ప్రవేశమునకు అంగీకరించుటయే గాక, అచటినుండి వచ్చువారికి నవీనవిషయములలో వారధివంటి తరగతులు నడుపుచున్నది. ఈ రెండును సరియైన త్రోవలు. కాని కాగితముపై సమానత యొకటి, తరగతిలో నిలువగల శక్తి మరియొకటి. గణితము, విజ్ఞానశాస్త్రము, ఒక నవీనభాష, ఇవి నేర్పకయే సమానపత్రము ఇప్పించిన, బాలుడు గడప దాటి లోపల తొట్రుపడును. గణితము నేర్చి వచ్చినవానిని, నీవు నేర్చిన బడి యేదని త్రిప్పిపంపిన, విశ్వవిద్యాలయము తన ధర్మమును తప్పును. మతపాఠశాల తన పాఠ్యమునకు కొంత చేర్చవలెను. విశ్వవిద్యాలయము తన గడపను కొంత వెడల్పు చేయవలెను. ఇరువైపులను కదలినగాని నడుమనున్న పిల్లవానికి దారి యేర్పడదు.

వెంకటరామారెడ్డిగారు చేసినది ఈ నడిమిపనియే. వారు నియమములు వ్రాయలేదు, పాఠ్యపుస్తకములు వ్రాయలేదు. పల్లె బడికిని పట్టణపు విశ్వవిద్యాలయమునకును నడుమ పిల్లవాడు పడిపోవు చోటును గుర్తించి, అచట ఒక ఇల్లు కట్టించి, దీపము పెట్టించి, అన్నము వడ్డింపించిరి. ఈ వార్షిక మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులు ఆయన చిత్రపటమునకు పూలమాల వేయుటతో తృప్తినందరాదు. మన మండలములలో ఏ తండాలో, ఏ గూడెములో, ఏ వాడలో బాలుడుగాని బాలికగాని ప్రవేశపరీక్ష గడపకడ ఆగిపోయినారో కనుగొని, ఆ యొక్కరికి ఈ యేడు వసతియో, పుస్తకములో, శిక్షణయో సమకూర్చుట ప్రతి తాలూకా సంఘము తన కర్తవ్యముగా గైకొనవలెను. కులము పేరున్న తలుపు అందరికిని తెరచియుండవలెనని ఆ గృహము వందయేండ్ల క్రిందటనే నేర్పియున్నది.